మొలకకు పచ్చదనం ఎలా వస్తుంది?

ప్రశ్న: చీకట్లో మొలకెత్తిన పెసలకు పసుపు ఆకులు వచ్చాయి. కిటికీ దగ్గర పెడితే మర్నాటికి పచ్చబడ్డాయి. ఎలా?

జవాబు: ఆకు వెలుగునే కాదు, దాని రంగునూ గుర్తుపడుతుంది. చీకట్లో పిఫ్ అనే ప్రొటీన్లు పచ్చదనానికి కావాల్సిన జన్యువులను అణచి ఉంచుతాయి. 660 నానోమీటర్ల ఎరుపు కాంతి సోకగానే ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ మేల్కొని, కణ కేంద్రకంలోకి చేరి, పిఫ్‌లను తొలగిస్తుంది. అప్పుడు పత్రహరితం, రుబిస్కో ఎంజైమ్ తయారీ జోరందుకుంటుంది. నీలి కాంతిని పసిగట్టే క్రిప్టోక్రోమ్ కూడా ఇందుకు తోడ్పడుతుంది. చెట్ల నీడలో 730 నానోమీటర్ల సుదూర ఎరుపు కాంతి వాటా ఎక్కువ. అది ఫైటోక్రోమ్‌ను నిద్రపుచ్చడంతో మొక్క సన్నగా సాగుతుంది.

వెలుగు తీవ్రత కూడా ముఖ్యమే. వెలుగు తగ్గితే కాంతిని ఒడిసిపట్టే ప్రొటీన్లను ఆకు పెంచుకుంటుంది, మండుటెండలో తగ్గించుకుంటుంది. ఈ సర్దుబాటుకు కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి నీడలో పెరిగిన నారుకు ఎండను కొద్దికొద్దిగా అలవాటు చేయండి.