కళ్ళు మండుతున్న మనవరాలికి



సాయంత్రమయ్యేసరికి కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటోందనీ, ఇంట్లోనే త్రిఫల నీళ్ళతో కడుక్కోవచ్చా, కంట్లో నెయ్యి వేసుకోవచ్చా అనీ అడిగావు. చేసేముందు అడిగినందుకు సంతోషం. ఆయుర్వేదం కంటి గురించి అసలేం చెప్పిందో కాస్త వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు. కన్ను, చెవి, ముక్కు, గొంతు జబ్బులను చూసే అంగం శాలాక్య తంత్రం. సుశ్రుత సంహితలో ఉత్తర తంత్రం మొదలయ్యేదే కంటితో. అందులో 76 నేత్ర రోగాలు చెప్పారు. అవి ఎందుకొస్తాయో కూడా మొదటి అధ్యాయంలోనే ఉంది: ఎండన పడి వచ్చి వెంటనే చన్నీళ్ళలో దిగడం, పొగ, దుమ్ము, కన్నీళ్ళు బిగబట్టడం, నిద్ర వేళలు తారుమారు కావడం, సన్నటి వాటిని అదేపనిగా చూడటం. అర్ధరాత్రి దాటేదాకా లాప్‌టాప్‌లో చిన్న అక్షరాలు చూసేవాళ్ళకు ఈ చివరి రెండూ సరిగ్గా వర్తిస్తాయి. వైద్యం గురించి సుశ్రుతుడు అక్కడే క్లుప్తంగా ఒక మాట చెప్పాడు. రోగానికి కారణమైనదాన్ని మానుకోవడమే చికిత్స అన్నాడు. చుక్కలు, లేపనాలు ఆ తర్వాతి సంగతి.

కారణం ఏమిటో నేటి వైద్యం ఇంకా విడమరిచి చెబుతుంది. మామూలుగా మనిషి నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాడు. తెర ముందు కూర్చున్నప్పుడు అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. రెప్ప పడినప్పుడల్లా కంటిమీద కన్నీటి పొర కొత్తగా పరుచుకుంటుంది. రెప్ప పడకపోతే ఆ పొర ఆరిపోతుంది, మంట మొదలవుతుంది. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. అమెరికాలో జెఫ్రీ ఆన్షెల్ అనే దృష్టి నిపుణుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది: 20 నిమిషాలకోసారి తల ఎత్తి, 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడటం. తెర చూపుకంటే కొంచెం కిందికి ఉండాలి. ఈ రెండూ రేపటినుంచే మొదలుపెట్టు.

ఇక నెయ్యి మాట. దాన్ని నేత్ర తర్పణం అంటారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కంటి చుట్టూ మినపపిండి ముద్దతో గట్టు కట్టి, గోరువెచ్చని ఔషధ ఘృతం పోసి, మెల్లగా రెప్పలు ఆడించమంటారు. ఎంతసేపు ఉంచాలో దోషాన్ని బట్టి లెక్క ఉంది. తర్పణం, పుటపాకం, సేకం, ఆశ్చ్యోతనం, అంజనం అని సుశ్రుతుడు చెప్పిన ఐదు ప్రక్రియల్లో ఇదొకటి. ఎవరికి చేయాలో, ఎవరికి చేయకూడదో, ముందు ఏ శోధన జరగాలో కూడా గ్రంథంలోనే ఉంది. కాబట్టి ఇది వీడియో చూసి ఇంట్లో చేసుకునే పని కాదు. చేయించుకోవాలనుకుంటే ముందు కంటి పరీక్ష అవ్వాలి. ఆ తర్వాత హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి లాంటి చోట శాలాక్యం చదివిన వైద్యులను కలువు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మన పల్లెల్లో వరి కంకి గీరుకున్న కంట్లో ఆకు పసరు పిండటం, ఆముదం వేయడం, తల్లిపాలు పోయడం ఇంకా పోలేదు. గీరుకున్న నల్లగుడ్డు మీద ఫంగస్ చేరితే పుండు పడుతుంది, చూపు పోయే దాకా వస్తుంది. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కరోనాకు ఇచ్చిన మందుల్లో కొన్నిటికి అనుమతిచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కంటి చుక్కలను మాత్రం అప్పటికి ఆపింది. ఇది నాటు మందులకే పరిమితమైన ప్రమాదం కూడా కాదు. మన దేశంలో తయారై అమెరికాకు వెళ్ళిన కృత్రిమ కన్నీటి చుక్కల్లో సూక్ష్మజీవులు చేరి, 2023లో అక్కడ కొందరు చూపు కోల్పోయారు, ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఏ వైద్యమైనా సరే, కంట్లోకి వెళ్ళే చుక్కలో సూక్ష్మజీవి ఉండకూడదు. వంటింట్లో కాచి వడగట్టిన త్రిఫల కషాయానికి ఆ హామీ లేదు.

నోటితో తీసుకునేవాటిలో పాత జ్ఞానం మనల్ని చకితుల్ని చేస్తుంది. రేచీకటికి సుశ్రుతుడు మేక కాలేయాన్ని పిప్పళ్ళతో వండి పెట్టమన్నాడు. కాలేయంలో విటమిన్ ఏ దండిగా ఉంటుందని ప్రపంచానికి తెలిసింది ఇరవయ్యో శతాబ్దంలో. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పసిపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఏ పోసే జాతీయ కార్యక్రమం మొదలైంది. పొన్నగంటి కూర, మునగాకు, తోటకూర నూనెతో వండుకుంటే అందులోని కెరోటిన్ ఒంటికి పడుతుంది. త్రిఫల చూర్ణాన్ని రాత్రిపూట తేనె, నెయ్యితో తీసుకోమని వాగ్భటుడు రాశాడు. వైద్యుణ్ణి అడిగి వాడుకో, విరేచనం చేసే గుణముంది. తెర చూసి వచ్చిన మంట మాత్రం కూరలతో పోదు.

అరికాళ్ళకు నువ్వుల నూనె మర్దనా చేస్తే చూపుకు మంచిదని చరకుడు చెప్పాడు. పడుకునేముందు చేస్తే హాయిగా నిద్ర పడుతుంది, చేసుకో. నందివర్ధనం పూలు మూసిన రెప్పలమీద పెట్టుకునే అలవాటు మీ నాయనమ్మకు ఉంది. తుంచిన చోట కారే పాలు కంట్లో పడితే మంట పుడుతుంది కాబట్టి, చల్లని తడిగుడ్డ వేసుకుంటే అదే సుఖం. సుర్మా జోలికి పోకు. బజారులో దొరికే చాలా రకాల్లో సీసం ఉంటుంది.

నొప్పితో ఎర్రబడినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా, మెరుపులు కనిపించినా ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నీకు ఇప్పుడు కావలసింది పూర్తి పరీక్ష. నంబరు మారిన కళ్ళజోడు వల్ల కూడా ఇదే బాధ వస్తుంది. వెళ్ళేటప్పుడు మీ నాన్నను వెంటబెట్టుకెళ్ళు. షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి, గ్లకోమా చాలామందిలో ఏ బాధా లేకుండానే చూపును తినేస్తుంది. ఇద్దరి రిపోర్టులూ నాకు పంపించు.

ఆశీస్సులతో,
తాతయ్య