బోరబండ నుంచి మాదాపూర్‌కి: బస్తీ రవాణా ప్లాను వేసుకోవడం ఎలా?

పొగలేని రవాణా అనగానే అందరి కళ్లూ ఎలక్ట్రిక్ ఆటోల మీద పడతాయి. అక్కడ మొదలుపెట్టకండి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌కీ, సెక్యూరిటీకీ, క్యాంటీన్‌కీ పోయేవాళ్లలో నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. వాళ్లు విసిగిపోయి సెకండ్‌హ్యాండ్ బండి కొనకుండా చూసుకోవడమే అసలు పని.

ముందు పొదుపు సంఘం మీటింగులో ఓ నోటుపుస్తకం తెరవండి. ఎవరు, ఏ గేటుకి, ఎన్నింటికి చేరాలి, నెలకెంత ఖర్చవుతోంది? ‘పొద్దున’ అని రాస్తే లాభం లేదు, టైము రాయాలి. ఆరింటికే డ్యూటీలో ఉండాల్సిన ఆవిడకి ఆరింటికి మొదలయ్యే మెట్రో ఎందుకు? తిరుగు టైము కూడా అడగండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

తర్వాత అదే వేళకి వాళ్లతో స్టాపు దాకా నడవండి. వెలగని లైటుంటే స్తంభం నంబరు రాసుకోండి. ‘మా వీధి చీకటి’ అనే అర్జీ కన్నా నంబరున్న అర్జీకి సమాధానం దాటవేయడం కష్టం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వేశారు. బాగానే ఉంది గానీ, బస్తీ నుంచి స్టాపుకి పోయే సందులో కాలు పెట్టే జాగా ఏదీ?

ఇక బస్సు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి జీరో టికెట్. ఏసీ ఎలక్ట్రిక్ బస్సుల్లో అది చెల్లదు, మెట్రో రైల్లోనూ లేదు. అందుకని డిపో మేనేజరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘కరెంటు బస్సు’ అని మాత్రమే అడిగితే ఏసీది వచ్చి కూర్చోవచ్చు. ఏ టైముకి, ఏ స్టాపు నుంచి, ఎంతమంది ఎక్కుతారో మీ పుస్తకంలోంచి చూపించి, జీరో టికెట్ నడిచే ట్రిప్పే అడగండి. అర్జీ కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మరవద్దు.

ఎంఎంటీఎస్‌లో బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. పేరు చూసి మోసపోకండి, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ వేరే చోటుంది. రైలు దిగాక మిగిలే ఆ ముక్క దారికి ఎలక్ట్రిక్ షేర్ ఆటో కావాలి. 2026 డిసెంబరు 31 వరకు వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. అయితే అద్దె గదిలో ఉండే డ్రైవరు రాత్రి ఛార్జింగ్ ఎక్కడ పెడతాడు? ఓనరు ప్లగ్గు ఇవ్వకపోతే కిస్తీ మాత్రం ఆగదు. బండి బుక్ చేసే ముందే చోటూ, యూనిట్ రేటూ మాట్లాడి ఖాయం చేసుకోవాలి.

హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ గేట్లూ షిఫ్టులూ మారతాయి. నోటుపుస్తకంలో కొత్త పేజీ రాసి, డిపోకి మళ్లీ వెళ్లాలి.