పాత నిర్మాణ యంత్రాల్లో ఎలక్ట్రానిక్ సమాచార లోపాలు – గుర్తించే విధానం

సేద్యపు కుంటల తవ్వకం, పొలాల చదును, కాలువల పూడికతీత వంటి పనులకు ఎక్స్‌కవేటర్లు, బ్యాక్‌హో లోడర్ల వినియోగం గ్రామాల్లో సర్వసాధారణమైంది. గ్రామీణ యువకులు పలువురు ఈ యంత్రాలను పాతవిగా కొని అద్దెకు నడుపుతున్నారు. రబీ కోతలకు, తొలకరి వానలకు మధ్య ఉండే కొద్ది వారాలే వీటికి ముఖ్యమైన పని కాలం. ఆ సమయంలో యంత్రం నిలిచిపోతే యజమాని కట్టవలసిన వాయిదా, రైతు తవ్వించుకోవలసిన కుంట రెండూ ఆగిపోతాయి.

చక్రాలున్న నిర్మాణ వాహనాలకు భారత్ స్టేజ్ సీఈవీ-4 ఉద్గార ప్రమాణాలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి రావడంతో ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజిన్ల వాడకం పెరిగింది. ఇటువంటి యంత్రాల్లో ఇంజిన్, హైడ్రాలిక్ పంపు రెండూ ఆరోగ్యంగా ఉన్నప్పటికీ, వాటి కంట్రోలర్ల మధ్య సమాచారం తెగితే పని సాగదు. అటువంటప్పుడు కంట్రోలర్ పాడైందని భావించి మార్చడం పరిపాటి. అయితే లోపం చాలాసార్లు తీగలోనో, కనెక్టర్‌లోనో, ఎర్త్‌లోనో ఉంటుంది. కాబట్టి కొలవకుండా కంట్రోలర్‌ను మార్చరాదు.

సమాచార వ్యవస్థ స్వరూపం

బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ విధానం ఈ వ్యవస్థకు మూలం. భారీ వాహనాలకు దీని ఆధారంగా ఎస్‌ఏఈ జే1939 ప్రమాణం రూపొందింది. ట్రాక్టర్లు, వాటి పనిముట్ల మధ్య సమాచారానికి వాడే ఐఎస్‌ఓ 11783 ప్రమాణానికీ పునాది ఇదే. అందువల్ల ఇక్కడి పరీక్షా సూత్రాలు ట్రాక్టర్లకూ ఉపకరిస్తాయి.

క్యాన్-హై, క్యాన్-లో అనే రెండు తీగలను మెలితిప్పి కంట్రోలర్లన్నిటినీ వాటికి కలుపుతారు. జే1939లో సాధారణంగా హై తీగ పసుపు, లో తీగ ఆకుపచ్చ రంగులో ఉంటాయి. లైన్ రెండు చివరల్లో 120 ఓమ్‌ల చొప్పున రెండు నిరోధకాలు ఉంటాయి. ఇవి సమాంతరంగా ఉండటంచేత మొత్తం నిరోధం 60 ఓమ్‌లవుతుంది. నిర్ధారణకు ఈ అంకె కీలకం.

లోపాలకు కారణాలు

పాత యంత్రాల్లో తరచుగా కనిపించే కారణాలు ఇవి: బ్రాకెట్లకు రాపిడి తగిలి తీగ తొడుగు అరిగిపోవడం, అధిక పీడనంతో కడిగినప్పుడు కనెక్టర్లలో నీరు చేరి చిలుము పట్టడం, నిలిపి ఉంచిన యంత్రంలో ఎలుకలు తీగలు కొరకడం, అదనపు లైట్లు, జీపీఎస్ పరికరాలకు అసలు వైరింగ్ నుంచి తీగలు లాగడం, బ్యాటరీ, కంట్రోలర్ల కనెక్షన్లు తీయకుండా బకెట్‌కు వెల్డింగ్ చేయడం.

పరీక్షా క్రమం

1. బ్యాటరీ, ఎర్త్: 12 లేదా 24 వోల్టుల వ్యవస్థకు తగిన వోల్టేజీ ఉందో లేదో మొదట చూడాలి. కంట్రోలర్ పని చేస్తుండగా దాని ఎర్త్ పిన్నుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య వోల్టేజీ దాదాపు సున్నా ఉండాలి. 0.2 వోల్టు మించితే ఎర్త్ బిగింపును శుభ్రపరచాలి.

2. లోపాల సంకేతాలు: జే1939లో సంకేతానికి ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అని రెండు భాగాలు ఉంటాయి. మొదటిది ఏ అంశమో, రెండోది లోపం ఏ తీరుదో చెబుతాయి. ఎఫ్‌ఎంఐ 9 అంటే సమాచారం రావలసిన వేగంతో రావడం లేదని అర్థం. సంకేతాన్ని నమోదు చేసిన కంట్రోలరే పాడైందని దీని అర్థం కాదు. అది ఎదుటివారి మౌనాన్ని మాత్రమే తెలియజేస్తుంది.

3. నిరోధం: బ్యాటరీ కనెక్షన్ తీసి, డయాగ్నస్టిక్ సాకెట్ వద్ద కొలవాలి. తొమ్మిది పిన్నుల జే1939 సాకెట్‌లో ‘సి’ పిన్ను హై, ‘డి’ పిన్ను లో. 60 ఓమ్‌లు వస్తే లైన్, చివరి నిరోధకాలు సవ్యంగా ఉన్నట్లు. 120 వస్తే ఒక నిరోధకం పోయింది లేదా దానికి వెళ్లే తీగ తెగింది. 40 వస్తే మూడో నిరోధకం అదనంగా చేరింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఒకదానికొకటి తగిలాయి.

4. వోల్టేజీ: తాళం ఆన్ చేసి ఒక్కో తీగను ఎర్త్‌తో కొలవాలి. సమాచారం నడుస్తున్నప్పుడు హై 2.5 కంటే కొంచెం ఎక్కువ, లో 2.5 కంటే కొంచెం తక్కువ చూపుతాయి. రెండింటి మొత్తం సుమారు 5 వోల్టులు. ఏదైనా తీగ సున్నా చూపితే అది ఎర్త్‌కు, బ్యాటరీ వోల్టేజీ చూపితే పాజిటివ్‌కు తగిలిందని అనుమానించాలి.

5. విభజన: లైన్‌ను నడుమ కనెక్టర్ వద్ద విడదీస్తే ప్రతి సగమూ 120 ఓమ్‌లు చూపాలి. చూపని సగంలోనే లోపం ఉంది. తీగలు కలిసిపోయినప్పుడు కంట్రోలర్లను ఒక్కొక్కటిగా విడదీయాలి. ఏది తీసినప్పుడు నిరోధం పెరుగుతుందో ఆ కంట్రోలర్‌ను, దాని తీగను పరిశీలించాలి.

ఒక ఉదాహరణ

ఒక ఎక్స్‌కవేటర్ ఇంజిన్ తక్కువ వేగంలోనే నడుస్తూ, డిస్‌ప్లేలో ఇంజిన్ వివరాలు కనిపించడం లేదని అనుకుందాం. క్యాబిన్‌లోని సాకెట్ వద్ద నిరోధం 120 ఓమ్‌లు ఉంది. క్యాబిన్, ఇంజిన్ వైరింగ్‌లు కలిసే కనెక్టర్‌ను విడదీస్తే, క్యాబిన్ వైపు 120 చూపింది. ఇంజిన్ వైపు మీటరు ఏమీ చూపలేదు. ఇంజిన్ వైరింగ్‌ను కదిలించినప్పుడు బ్రాకెట్ వద్ద 120 వచ్చిపోతుంటే, లోపం అక్కడి తీగలో ఉన్నట్లే. చిలుము పట్టిన భాగాన్ని కత్తిరించి, తీగను క్రింప్ చేసి, నీరు చొరని తొడుగు వేసి, జతను తిరిగి మెలితిప్పితే సరిపోతుంది. ఇంజిన్ కంట్రోలర్‌ను మార్చి ఉంటే ఖర్చు మిగిలేది, లోపం పోయేది కాదు.

కొనుగోలుదారులకు సూచనలు

పాత యంత్రం కొనేముందు సాకెట్ వద్ద నిరోధం కొలవాలి. నమోదైన సంకేతాలను రాసుకుని, చెరిపి, యంత్రాన్ని పని వేడికి వచ్చేవరకు నడిపి మళ్లీ చదవాలి. తిరిగి వచ్చిన సంకేతాలే ప్రస్తుత లోపాలు. కొన్ని యంత్రాల్లో చివరి నిరోధకం కంట్రోలర్‌లోనే ఉంటుంది, మరికొన్నింటిలో ఒకటికి మించిన లైన్లు ఉంటాయి. కనుక ఆ నమూనా వైరింగ్ పటం అమ్మకందారు నుంచి తీసుకోవడం మేలు. విస్తరణ శాస్త్రవేత్తలు అద్దె యంత్ర కేంద్రాల నిర్వాహకులకు ఇచ్చే శిక్షణలో సాధారణ మల్టీమీటరుతో ఈ అయిదు మెట్లను యంత్రంపైనే చేయించి చూపితే, అనవసరమైన విడిభాగాల కొనుగోలు తగ్గి, పని కాలంలో విలువైన రోజులు దక్కుతాయి.