బావికొత్తిమీర

చార్మినారు ప్రక్కన, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున కట్టబడిన యునానీ వైద్యశాల కలదు. యునానీ వైద్యులు దగ్గునకు వాడు మూలికలలో 'పర్సియావషాన్' అనునది యొకటి. సన్నని నల్లని కాడలు, వానికి చిన్న విసనకఱ్ఱల వంటి యాకులు ఉండుటచే, ఎండిన పిదప కూడ దీనిని గుర్తింపవచ్చును. ఇరాను వీరుడగు సియావుషుని నామము ఈ పేరులో నిలిచియున్నది. అతని కథను ఫిరదౌసి తన షానామాలో చెప్పెను. అరబ్బీ భాషలో దీనికి 'కుజ్బరతుల్ బీర్' అని మరియొక పేరు. అనగా బావికొత్తిమీర. ఆకును చూచి కొత్తిమీర యనిరి. పెరుగు తావును చూచి బావిని చేర్చిరి. ఈ మొక్కను పెంచగోరువారు తెలిసికొనవలసినదానిలో సగము ఆ పేరులోనే యున్నది.

ఇది ఫెర్న్ జాతికి చెందినది. పూవు పూయదు, కాయ కాయదు. మన వైద్యగ్రంథములలోని హంసపాది దీనికి దాయాది. హంసపాది యాకుకొన నేలను తాకినచోట వేరూని కొత్త మొక్క యగుట చూడ ముచ్చటగా నుండును. గ్రీకులు ఈ జాతికి 'తడియనిది' అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. నీటిలో ముంచి తీసినను ఆకుపై చుక్క నిలువదు. అయినను తడి లేనిదే ఇది బ్రదుకజాలదు.

పూర్వము పాతబస్తీలోని పెద్ద యిండ్లకు బావులుండెడివి. రాయి, సున్నపు గచ్చు కలిపి కట్టిన బావిగోడకు ఎండ తగులదు. చేద పైకి వచ్చునపుడెల్ల తొణికిన నీరు గోడ వెంట జాఱును. రాతి సందులో కొంచెము గచ్చు, చల్లదనము, ఎడతెగని తేమ ఉన్నచో ఈ మొక్కకు వేఱు మన్ను అక్కఱలేదు. 1908లో మూసీ వరద వచ్చిన పిదప 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. కుళాయిలు వచ్చినకొలది చేదల పని తగ్గెను. చేద దిగని బావిలో గోడ ఆఱిపోవును.

కావున నేడు దీనిని ఇంట పెంచుట యనగా కుండీలో చిన్న బావిని కట్టుటయే. అడుగున రంధ్రముగల మట్టికుండీ మేలు. బాగుగా చివికిన ఆకుల ఎరువు రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, ఇటుకముక్కలు కొన్ని, పాత సున్నపు గచ్చు పొడి పిడికెడు కలుపవలెను. సిమెంటు పెచ్చులు గచ్చునకు బదులు కావు. కుండీని ఉత్తరపు వసారాలో, వెలుతురుండి ఎండ పడని చోట నుంచవలెను. కుళాయినీటిని ఒక రాత్రి నిలువయుంచి పోయుట మంచిది. మన్ను ఎన్నడును పూర్తిగా ఆఱరాదు. అట్లని అడుగున నీరు నిలిచినచో వేరు క్రుళ్లును.

అసలు పరీక్ష మే మాసమున వచ్చును. ఎండ 40 డిగ్రీలు దాటి పొడిగాలి వీచునపుడు, ఒక్కపూట నీరు మఱచినను ఆకులన్నియు ముడుచుకొని కాగితములవలె నగును. పంకాగాలి సూటిగా తగిలినను అంతే. ఈ కుండీని పెద్ద కుండీలో నిలిపి, రెంటి నడుమ ఇసుక నింపి, ఆ ఇసుకను నిత్యము తడుపుచుండుట తేలికయైన ఉపాయము. త్రాగునీటి కుండల చెంతనైనను ఉంచవచ్చును.

ఇంత చేసినను ఆకులు ఎండినచో చాలమంది మొక్క చచ్చెనని పాఱవేయుదురు. అది తొందరపాటు. ఎండిన యాకులను మొదలంట కత్తిరించి, కుండీని నీడలో నుంచి, మన్నును కొద్దిగా తడుపుచుండవలెను. నేలలోని దుంపవంటి కాండము బ్రదికియున్నచో, తొలకరి తేమకు చుట్టలు చుట్టుకొనిన లేతచిగుళ్లు పైకి వచ్చును. మొక్కను విడదీసి రెండు కుండీలలో నాటుటకును వానకాలమే తగినది.

ఆకు వెనుక అంచులు మడిచినట్లుండి, ఆ మడతల క్రింద గోధుమవన్నె మచ్చలు కనబడును. పురుగు పట్టెనని భయపడి మందు చల్లువారు కలరు. అవి సిద్ధబీజముల గుంపులు. సిద్ధబీజము మొలచినచో మొదట హృదయాకారముగల పచ్చని రేకు పుట్టును. అది చిన్న గోరంతయైనను ఉండదు. దానిపై నీటిపొర యున్నపుడే పురుషకణములు ఈదిపోయి స్త్రీకణమును చేరును. పిదపనే అసలు మొక్క. బావిగోడపై దీనికి గల మక్కువకు ఇదియు నొక కారణము.

దీనిని ఇంట చూడదలచినవారు ఒక ఇటుకపై మరుగునీరు పోసి చల్లార్చి, నీటిపళ్లెములో నిలిపి, పండిన యాకును దానిపై దులిపి, గాజుపాత్ర బోర్లించి నీడలో నుంచవలెను. కొన్ని వారములకు ఇటుకపై పాచివంటి పచ్చదనము కానవచ్చును. దానిని తుడిచివేయరాదు. మొదటి నల్లని కాడ లేచుటకు మరికొన్ని నెలలు పట్టును.