సోమవారమే ఛాతీ ఎందుకు పట్టేస్తుంది?

నూలు మిల్లుల కార్మికులకు పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిస్సినోసిస్. ఆదివారం లాంటి సెలవు తర్వాత పనిలోకి వచ్చిన తొలిరోజే ఛాతీ బిగుసుకుపోయి ఆయాసం వస్తుంది. మొదట్లో ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి చాలామంది జలుబేలే అనుకుంటారు. అక్కడే ప్రమాదం. ఏళ్ల తరబడి అదే ధూళిలో పనిచేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి.

బేళ్లు విప్పి దూదిని విడదీసే బ్లో రూమ్, కార్డింగ్ విభాగాల్లో ముప్పు ఎక్కువ. షిఫ్టు దిగేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి నూగు పేరుకుంటుంది. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు సన్నటి ధూళిని ఆపలేదు; ధూళిని పుట్టినచోటే పీల్చేసే యంత్రాలే అసలు రక్షణ. గాలి గొట్టంతో ఊది శుభ్రం చేస్తే నేలమీది ధూళి మళ్లీ ఊపిరిలోకే చేరుతుంది.

2025 వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం-1948 మూడో షెడ్యూల్‌లో బిస్సినోసిస్ ఉండేది. సెక్షన్ 89 ప్రకారం ఈ జబ్బును అధికారులకు తెలపాల్సిన బాధ్యత మేనేజరుతో పాటు వైద్యం చేసిన డాక్టరుకు కూడా ఉండేది. ఈ చట్టం సహా 13 చట్టాలను కలిపి తెచ్చినదే వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020.