పీఠమును విడుచుట ఎప్పుడు ధర్మము?

వీరశైవమునకు అష్టావరణములు అంగములు, పంచాచారములు ప్రాణములు అని పెద్దలు చెప్పుదురు. లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అను ఐదింటిలో చివరి రెండును ఈ పాఠమునకు ఆధారములు. శివధర్మమునకును శివభక్తులకును కీడు కలిగినపుడు సహింపక నిలుచుట గణాచారము. తాను అందరికంటెను చిన్నవాడనని, భక్తుల సేవకుడనని ఎరిగి మెలగుట భృత్యాచారము. మఠము నీడనున్న బిడ్డకు ఆ మఠమువారి వలననే హాని జరిగినచో పీఠాధిపతి పదవిలో కొనసాగవచ్చునా, విడువవలెనా? ఈ ప్రశ్నకు సమాధానమును ఆ రెండు ఆచారములలోనే వెదకవలెను.

ఇది ప్రతి గృహమునకును సంబంధించిన ప్రశ్న. జహీరాబాదు ప్రాంతమున, కర్ణాటక సరిహద్దున, 65వ జాతీయ రహదారిపై చిరాగ్‌పల్లి యున్నది. ఆ దారినే పడమటికి సాగినచో హుమనాబాదు దాటిన పిమ్మట బసవకల్యాణమునకు మలుపు వచ్చును. ఇట్టి గ్రామముల కుటుంబములకు మఠమనగా గురుస్థానము. పిల్లల చదువునకు ఆశ్రయము. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు, 2019 జనవరిలో లింగైక్యమగువరకు, కులమత భేదము పాటింపక వేలాది బాలురకు అన్నము, ఆశ్రయము, అక్షరము అను త్రివిధ దాసోహము నడిపిరి. అట్టి మహనీయుల పుణ్యముననే తల్లిదండ్రులు బిడ్డను మఠమున విడిచి నిశ్చింతగా ఇంటికి మరలుచున్నారు. ఆ నిశ్చింతయే మఠమునకు మూలధనము.

2022 ఆగస్టులో చిత్రదుర్గ మురుఘా మఠపు వసతిగృహ బాలికలు మఠాధిపతిపైననే లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసిరి. సెప్టెంబరు 1న ఆయన అరెస్టు అయిరి. డిసెంబరులో ప్రభుత్వము మఠమునకు పాలనాధికారిని నియమించెను. 2023లో హైకోర్టు ఆ నియామకమును కొట్టివేసెను. 2025 నవంబరులో చిత్రదుర్గ న్యాయస్థానము మొదటి కేసులో ఆయనను నిర్దోషిగా ప్రకటించెను. నేరనిర్ణయము న్యాయస్థానమునకు చెందిన పని. సమాజము ఆలోచింపవలసినది వేరొకటి కలదు. ఆరోపణ వచ్చిన నాటికిని తీర్పు వచ్చు నాటికిని నడుమ ఏండ్లు గడచును. ఆ కాలమున మఠమును నడుపువారెవరు? పిల్లలకు రక్షకులెవరు? ఇందులకు ప్రతి మఠమును ముందే నియమము చేసికొనవలెను. విచారణ ముగియువరకు అధికారమునకు దూరముగా నిలుచుట నేరాంగీకారము కాదు. నిర్దోషి తిరిగి రావచ్చును. భయముచే ఒకసారి మూతపడిన బిడ్డ నోరు మాత్రము మరల తెరచుకొనుట దుర్లభము.

ఇక తాను ఏ పాపమును ఎరుగని పెద్ద మాట. అమెరికాలోని బోస్టన్ నగరమున కార్డినల్ బెర్నార్డ్ లా, పిల్లలపై అత్యాచారము చేసిన ఫాదరీలను ఒక చర్చినుండి మరియొక చర్చికి మార్చుచు వచ్చెనని వెల్లడికాగా, 2002 డిసెంబరులో పదవిని విడిచెను. కాని 2004లో రోము నగరమున ఒక మహాదేవాలయమునకు అధిపతిగా నియమింపబడెను. బాధితుల గాయము మరల రేగెను. ఒక గద్దె దిగి మరియొక గద్దె ఎక్కుట పదవీత్యాగము అనిపించుకొనదు. ఇంగ్లండు చర్చికి పెద్దయైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ 2024 నవంబరు 12న రాజీనామా ప్రకటించెను. జాన్ స్మిత్ అను న్యాయవాది దశాబ్దములపాటు బాలురను హింసించెను. ఆ సంగతి 2013లో తెలిసిన పిదపనైనను వెల్బీ తగినంత శ్రద్ధ చూపలేదని విచారణ నివేదిక తేల్చెను. స్వయముగా ఎవరిని బాధింపకున్నను, తెలిసియు మిన్నకుండుట బాధ్యతలో భాగమే అని లోకము గ్రహించినది.

మన సంప్రదాయమున ఇది క్రొత్త మాట కాదు. కల్యాణమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో ఉన్నతాధికారి. శరణులైన హరళయ్య, మధువరసులకు రాజు ఘోరశిక్ష విధించిన ఆ విషమ సమయమున బసవేశ్వరుడు పదవిని, పట్టణమును విడిచి కూడలసంగమమునకు తరలెను. అన్యాయమును ఆయన చేయలేదు. అన్యాయము జరిగిన కొలువులో అధికారము తనకు తగదని తలచెను. అనుభవమంటపమున అల్లమప్రభువు అధిష్ఠించిన పీఠమునకు శూన్యసింహాసనమని పేరు. ఆ పేరే ఒక పాఠము.

కావున ధర్మమును ఇట్లు విభజింపవచ్చును. తానే అపరాధి యైనవాడును, తెలిసి దాచినవాడును పీఠమునకు అనర్హులు. తెలియకున్నను, తెలిసికొనవలసిన శ్రద్ధ చూపనివాడు అధికారమును విడుచుట భృత్యాచారము. తెలిసిన తక్షణమే బిడ్డను కాపాడి, పోలీసులకు తెలిపి, విచారణకు సహకరించినవాడు పదవి విడువనక్కరలేదు. అతడు నిలుచుటయే మేలు. రాజీనామా బాధ్యతను తప్పించుకొను ద్వారముగను కారాదు. బిడ్డకు రక్షణ మొదటిది, ఫిర్యాదు రెండవది, పదవి మాట ఆ తరువాతిది.

మఠము పరువు పోవునని, గురునింద యగునని కొందరు జంకుదురు. బిడ్డ పలికిన బాధ నింద యెట్లగును? ఆ బిడ్డయు శివభక్తుడే. అతని పక్షమున నిలుచుటయే గణాచారము. చట్టమును ఇదియే చెప్పుచున్నది. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము ఇట్టి నేరము తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. తన చేతిక్రిందివాని నేరమును తెలుపని సంస్థాధిపతికి 21వ సెక్షను ఒక సంవత్సరమువరకు జైలుశిక్షయు, జరిమానాయు విధించుచున్నది. సంస్థ పేరు ఏదైనను మినహాయింపు లేదు. ఆపదలోనున్న పిల్లలకు 1098 నంబరు ఫోను సహాయము కలదు.

మఠ సభలలోను, ఇండ్లలోను విచారింపదగిన ప్రశ్నలు:

1. మన పిల్లలున్న వసతిగృహమున 1098 నంబరు పిల్లలకు కనబడునట్లు వ్రాయబడి యున్నదా?

2. మఠాధిపతిపైననే ఆరోపణ వచ్చినచో, పిల్లల సంరక్షణ ఎవరి చేతికి పోవునో మఠపు నియమావళిలో కలదా?

3. బిడ్డ ఇంటికి వచ్చి మఠమునకు మరల పోనని ఏడ్చినపుడు, గద్దించుటకు ముందు కారణము అడుగుచున్నామా?