మేలుకొనని కంప్యూటరు



గడచిన జూన్ మాసమున, వేసవి సెలవుల పిదప, మన తెలుగు గది తలుపు తెరచి అందలి పాత కంప్యూటరు మీట నొక్కితిమి. పంకా తిరిగినది. పచ్చని దీపమును వెలిగినది. తెరమీద మాత్రము చీకటి. ఏదో పనిమీద బడికి వచ్చిన ఒక తండ్రిగారు చూచి, "అయ్యవారూ, దీంట్లో ఇంక ప్రాణం లేదు, పాతసామాన్ల బండికి వేసేయండి" అనిరి. ఆయన అనుటలో తప్పు లేదు. ఆ యంత్రము మన తొమ్మిదవ తరగతి పిల్లలకంటె వయసున పెద్దది. కాని ఆరేండ్లుగా మీ అన్నలును అక్కలును తమ అవ్వలను తాతలను అడిగి వ్రాసి తెచ్చిన మన హోసూరు ప్రాంతపు తెలుగు మాటలు, సేద్యపువి, వంటింటివి, పశువుల రోగములకు సంబంధించినవి, అన్నియు దానిలోనే యున్నవి. రెండవ ప్రతి లేదు. ఆ తప్పు నాదే.

ఆంధ్రలో నాకు ఉపాధ్యాయ శిక్షణ నిచ్చినవారు ఛందస్సు నేర్పిరి గాని స్క్రూడ్రైవరు పట్టుట నేర్పలేదు. ఈ విద్య పిమ్మట అవసరము కొలది నేర్చినది. అందుచే మీకును కష్టము కాబోదు.

కంప్యూటరు మేలుకొనుట యొక్క పని కాదు; ఒకదాని వెనుక నొకటిగ జరుగు పనులు. మొదట విద్యుత్ పెట్టె గోడనుండి వచ్చు 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగ మార్చి లోపలి పలకకు, అనగా మదర్‌బోర్డునకు, అందించును. అంతట బయాస్ అను చిన్న ప్రోగ్రాము, ఆ పలకమీది చిప్పులో నుండునది, లేచి జ్ఞాపకశక్తిని, తెరను, కీబోర్డును పరీక్షించును. పరీక్ష ముగిసిన మీదట హార్డుడిస్కు మొదటి భాగమును, కేవలము 512 బైట్లను, చదువును. ఆ కొంచెమే తక్కిన విండోసు నంతటిని పిలుచుకొని వచ్చును. తన బూట్ల పట్టెలు తానే పట్టుకొని తన్ను పైకెత్తుకొను మనుష్యుని పోలికచే దీనికి ఇంగ్లీషువారు "బూట్" అని పేరు పెట్టిరి. నాకు మేలుకొలుపు అను మాటయే ఇంపుగ నున్నది. ఎక్కడ మేలుకొలుపు ఆగినదో అక్కడనే రోగము వెదుకవలెను.

దీపమును లేదు, పంకాయు లేదు అన్నచో దోషము విద్యుత్తుది. గోడ ప్లగ్గు, తీగ, పెట్టె వెనుక మీట, ఈ మూడును ముందు చూడుడు. కొన్ని పాత పెట్టెలకు 115, 230 అని గుర్తులుగల ఎఱ్ఱమీట యుండును; మన దేశమున నది 230 వైపే యుండవలెను. ఆ పెట్టెను మాత్రము విప్పరాదు. తీగ ఊడబెరికిన తరువాతను దానిలోని కెపాసిటర్లయందు విద్యుత్తు నిలిచియుండును. పిల్లలే కాదు, పెద్దలును దాని జోలికి పోరాదు.

మన యంత్రము స్థితి వేఱు. పంకా తిరుగుచుండగా తెర చీకటిగా నుండుట. ఇట్టి సందర్భమున నేను మొదట తెరతీగ సరిగ నున్నదా యని చూతును. ఒకప్పుడు గంటసేపు యంత్రము విప్పి చూచి, తుదకు ఊడినది తెరతీగ యని తెలిసి సిగ్గుపడితిని. ఈసారి తీగ బాగుగనే యున్నది. అప్పుడు గోడ ప్లగ్గు తీసి, మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును పోగొట్టి, చేతితో లోహపు చట్రమును తాకి, మూత తెరచితిమి. లోపల దుమ్ము బొంతవలె పేరుకొనియున్నది. మెత్తని కుంచెతో దులిపితిమి.

ర్యాము పలకలను రెంటిని తీసివేసి, అవి లేకుండగనే ఒకసారి మీట నొక్కితిమి. యంత్రము బీప్ బీప్ అని అరవసాగినది. పిల్లలు భయపడిరి, నాకు సంతోషమైనది. జ్ఞాపకశక్తి లేదని అరచుటకైనను ప్రాసెసరు, మదర్‌బోర్డు బ్రదికియుండవలెను గదా! ఈ కూతలకు అర్థము కంపెనీని బట్టి మారును. అవార్డు బయాసులో ఒక దీర్ఘము, రెండు హ్రస్వములు అయినచో దోషము తెర కార్డుది. లోపల స్పీకరు లేని యంత్రము కూయనే కూయదు. మరల ప్లగ్గు తీసి, పలకల అంచుననున్న బంగారువన్నె పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగ రుద్ది, పొడి దులిపి, ఒక్కొక్క పలకనే బిగించి చూచితిమి. రెండవదానితో తెర వెలిగినది. మొదటిది చెడినది, దానిని ప్రక్కన బెట్టితిమి.

(2000 ప్రాంతము మొదలు కొన్నేండ్లు తయారైన పలకలలో కొన్నిటికి నాసి కెపాసిటర్లు వాడిరి. వాటి తలలు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారినచో పని మెకానిక్కుది, మనది కాదు.)

తెర వెలిగినను విండోసు రాలేదు. తేదీ 2005 జనవరి 1 అని చూపి, సీమాస్ చెక్‌సమ్ తప్పినదని వ్రాసి నిలిచినది. ఇది చాల చౌకలో కుదురు రోగము. పలకమీది నాణెమువంటి సెల్లు, కంప్యూటరు నిద్రించునపుడు గడియారమును నడుపుచు ఆ యంత్రపు అమరికలను గుర్తుంచుకొనును. దానిపేరు సీఆర్ 2032. ఆ అంకెలే దాని కొలత, అడ్డము 20 మిల్లీమీటర్లు, మందము 3.2. బలము 3 వోల్టులు. గడియారముల దుకాణమున దొరకును. కూడిక గుర్తు పైకుండునట్లు పెట్టి, తేదీ దిద్ది, హార్డుడిస్కునుండి మొదలిడునట్లు అమర్చి భద్రపరచితిమి. పాత అమరికలు పోయినప్పుడు డిస్కు పద్ధతి ఐడీఈ నుండి ఏహెచ్‌సీఐ అయినను, అది ఇది అయినను, విండోసు నీలితెర చూపి మరల మరల మొదలగును. అప్పుడు ఆ అమరికను పూర్వపుదానికి మార్చవలెను.

డిస్కు విషయము చెప్పక తప్పదు. "ఎన్‌టీఎల్‌డీఆర్ లేదు" అని తెలుపునప్పుడు ముందుగ తగిలించియున్న పెన్‌డ్రైవును, సీడీని తీయుడు. తఱచు అంతటితో సరిపోవును. డిస్కు టక్కు టక్కుమని కొట్టుకొనునేని వెంటనే ఆపుడు. కొన్నేండ్ల క్రిందట వేఱొక యంత్రము ఇట్లే కొట్టుకొనగా, ఈసారి వచ్చును, ఈసారి వచ్చునని నేను పదిమారులు మీట నొక్కితిని. మూడేండ్ల ప్రశ్నపత్రములు, వ్యాకరణ పాఠములు పోయినవి. లోపల తిరుగు బిళ్లమీద చదువుముల్లు గీసికొనుచుండగా ప్రతి ప్రయత్నమును మఱికొంత చెఱచును. అట్టి డిస్కును తీసి నిపుణునికి అప్పగించవలెను.

మన డిస్కు నిశ్శబ్దముగ తిరిగినది. విండోసు ఎక్స్‌పీ వచ్చినది. 2014 ఏప్రిల్ 8తో దానికి కంపెనీవారి రక్షణ ముగిసినది గనుక దానిని ఇంటర్నెట్టునకు కలుపలేదు. మాటల పట్టికనంతయు రెండు పెన్‌డ్రైవులలోనికి ఎత్తితిమి. అది యూనికోడుకాని పాత ఫాంటులో టైపు చేసినది. ఆ ఫాంటు వెంట లేనిచో కొత్త కంప్యూటరులో తెలుగు పిచ్చిగుర్తులై కనబడును. కావున ఫాంటు ఫైలును గూడ తీసికొంటిమి. ఒక ప్రతి ప్రధానోపాధ్యాయులవారి బీరువాలోను, ఒకటి మా ఇంటను కలవు.

పాతసామాన్ల బండి మాట చెప్పిన తండ్రిగారు మఱునాడు వచ్చిరి. వారి తల్లిగారు చెప్పిన పదునెనిమిది మాటలు ఆ పట్టికలో నుండెను. ఆమె నిరుడు కాలధర్మము చెందినది. ఆయన ఆ పుటను కాగితముపై తీయించుకొని, మడచి జేబులో పెట్టుకొని వెళ్లిరి.